రానివారు: స్వెత్లానా

గురువారం, సాయంత్రం అయిదుంబావు.
చోటు: దోహా, అల్ సద్, మోకాళ్ళకు వ్యాయామం చేయించే క్లినిక్, ఆడవాళ్ళు కూర్చునే గది.
హాజరైనవారు: నేను. పసిబిడ్డతో ఒక ఫిలిప్పీన్స్ తల్లి. చక్రాల కుర్చీలో ఒక అరబ్బు పెద్దావిడ. నీలం స్కార్ఫు కట్టుకున్న ఒక తెల్లావిడ. కౌంటర్ దగ్గర మలయాళీ అమ్మాయి.
రానివారు:

నా డైరీలో ప్రతి రోజూ ఇలాగే మొదలవుతుంది. ఎనిమిదో ఏట పట్టుకున్న అలవాటు. తేదీ, చోటు, హాజరైనవారు, రానివారు, ఆ తర్వాతే విషయం. చివరి వరుస మాత్రం చాలా ఏళ్ళుగా ఖాళీగా వదిలేస్తున్నాను. ఎందుకు వదిలేస్తున్నానో ఇవాళ రాయాలనిపించింది.

విషయం ఇది. కౌంటర్ దగ్గరి అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, "స్వెత్లానా!" అని పిలిచింది. నేను లేచి నిలబడ్డాను.

మోకాళ్ళ నొప్పులని వచ్చినదాన్ని, కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచాను. ఎదురుగా నీలం స్కార్ఫు ఆవిడ కూడా లేచింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. కౌంటర్ అమ్మాయి నవ్వి, "ఆంటీ, మీరు మార్త కదా? మీ నంబరు తర్వాత. కూర్చోండి" అంది.

కూర్చున్నాను.

ఆ పేరుతో నన్నెవరైనా పిలిచి దాదాపు అరవై ఏళ్ళయింది. అది నా పేరని తెలిసినవాళ్ళు ఎవరూ బతికి లేరు. పోయిన మా ఆయనకి చెప్పలేదు. నా కూతురికి చెప్పలేదు. పాస్‌పోర్టులో, ఇక్కడి ఐడీ కార్డులో, నేను ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసిన స్కూలు ఆఫీసు ఫైళ్ళలో, అన్నిచోట్లా నేను మార్తనే. అయినా కాళ్ళకి గుర్తుంది.

మాది కృష్ణా డెల్టాలో ఒక కాలువ గట్టు మీది పేట. ఇళ్ళన్నీ తాటాకువి. గుడి ఒక్కటే పెంకుల కప్పు. చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం, పాస్టరుగారిని అయ్యగారు అనేవాళ్ళం. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాన్న పేట బడికి ఒక్కడే మాస్టారు. ఎర్రజెండా పార్టీకి మా ఊరి శాఖ కార్యదర్శి కూడా ఆయనే. నాన్న తల్లిని నేను మామ్మ అనేదాన్ని. గుడి గంట కొట్టేది, దీపాలు తుడిచేది మామ్మ.

మా ఇంట్లో రెండు సంఘాలుండేవి. శనివారం సాయంత్రం అరుగు మీద నాన్న సంఘం, పెరట్లో మామ్మ సంఘం. అరుగు మీద మొగుళ్ళు, పెరట్లో వాళ్ళ పెళ్ళాలు. మధ్యలో ఒక్క తడిక.

"ఒరే, మీ రష్యా కాసేపు ఆపండ్రా, ఇక్కడ ప్రార్థన చేసుకుంటున్నాం!" అని మామ్మ పెరట్లోంచి కేక వేసేది.

"మీరే కాస్త మెల్లిగా ఏడవండమ్మా, ఇక్కడ ప్రపంచాన్ని మారుస్తున్నాం" అనేవాడు నాన్న.

"ముందు నీ చొక్కా మార్చు. వారం నుంచి అదే."

రెండు వైపులా నవ్వేవాళ్ళు. మామ్మ ఎంత తిట్టినా శనివారం మధ్యాహ్నమే ఉలవలు నానబోసేది. సాయంత్రానికి గుగ్గిళ్ళు ఉడికి, ఎండుమిరపకాయ తాలింపు ఘాటు తడిక దాటి వచ్చేది. "దేవుణ్ణి నమ్మనోళ్ళకి కడుపుండదా ఏం?" అంటూ పెద్ద గిన్నె నాచేతే పంపించేది. ఇప్పటికీ నాకు పార్టీ అంటే బీడీ పొగ, ఉలవగుగ్గిళ్ళు, నాన్న తెప్పించే రష్యా పత్రికల వాసన. ఆ కాగితం నున్నగా, బరువుగా ఉండేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరసనాయిలూ జిగురూ కలిసినట్టు ఒక వాసన. ఏడాది తిరిగేసరికి ఆ పత్రికలన్నీ పేట పిల్లల పుస్తకాలకి అట్టలయ్యేవి. మా ఎక్కాల పుస్తకం మీద ఒక గోధుమ చేను, చరిత్ర పుస్తకం మీద మంచులో ఒక రైలు.

నా పేరు కూడా ఆ పత్రికలోదే. నాన్న ఇంకా పెళ్ళికాని రోజుల్లో చూశాడట. పాలతపేలా పట్టుకుని నవ్వుతున్న ఒక పిల్ల బొమ్మ, కింద స్వెత్లానా అని పేరు. నాన్న ఊరికే పెట్టే మనిషి కాదు. ఆ పేరుకి అర్థమేమిటో తెలియజేయగలరని పత్రిక ఆఫీసుకి ఉత్తరం రాశాడు. రెండు నెలలకి జవాబు కార్డు వచ్చింది: వెలుగు అని అర్థం. నేను పుట్టేదాకా ఆ కార్డు దాచాడు.

మామ్మకి మాత్రం ఆ పేరు సయించలేదు. "నోట్లో గులకరాళ్ళు వేసుకున్నట్టుంది" అనేది. నన్ను పిల్లా అనే పిలిచేది. పేట ఆడవాళ్ళ నోళ్ళలో పడి అది సెట్లమ్మ అయింది. నాన్న ఒక్కడే పేరంతా పలికేవాడు. బడి నుంచి వస్తూ కాలువ మలుపు దగ్గరే సైకిలు గంట కొట్టి, "స్వెత్లానా!" అని పిలిచేవాడు. నేను చేతిలో ఏముంటే అది పడేసి పరిగెత్తేదాన్ని.

ఎనిమిదో ఏట నా దస్తూరీ బాగుందని సమావేశాల మినిట్స్ పుస్తకం నా చేతికిచ్చాడు. పొడుగాటి పుస్తకం, గళ్ళ అట్ట. ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. హాజరైనవారి చివర ఆయనే, "స్వెత్లానా, రాసినవారు అని రాయి" అన్నాడు. ఆ రోజు నేను నిద్రపోలేదు.

పని వచ్చాక అల్లరి కూడా వచ్చింది. ఒకసారి హాజరైనవారిలో "మేక, మామ్మది" అని రాశాను. అది నిజంగానే సమావేశమంతా అరుగు కింద ఉంది మరి. నెలాఖరుకి బెజవాడ నుంచి ఒక పెద్ద నాయకుడు వచ్చి పుస్తకం తిరగేశాడు. అద్దాలు పైకి జరుపుకుని, "మాస్టారూ, ఈ మేకకి సభ్యత్వం ఉందా?" అని అడిగాడు.

నాన్న ముఖం కదలకుండా, "రెండేళ్ళుగా మన కరపత్రాలన్నీ అదే తింటోందండీ. అంత శ్రద్ధగా ఇంకెవరూ తీసుకోలేదు" అన్నాడు.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి నేర్చుకున్నాను. చెప్పులు కుట్టే ఒకాయన నాన్నతో తగవు పెట్టుకుని రావడం మానేశాడు. అయినా నాన్న ప్రతి శనివారం రానివారిలో ఆయన పేరు రాయించేవాడు.

"ఆయన ఇంక రాడు కదా నాన్నా. ఎందుకు రాయడం?"

"సభ్యుల పట్టీలోంచి కొట్టేసినవాళ్ళ పేరు రానివారిలో రాయం. రాశామంటే ఇంకా మనవాడే అని" అన్నాడు. తర్వాత, "ఒంటికి బాగోలేదని పక్కన రాయి" అన్నాడు.

"బాగానే ఉన్నాడు నాన్నా, పొద్దున చూశాను."

"కోపం కూడా జబ్బే. రాయి."

నా పదకొండో ఏట మామ్మకి పొట్ట ఉబ్బు జబ్బు చేసింది. కాళ్ళు కూడా వాచాయి. గంట కొట్టడానికి గుడిదాకా నడవలేకపోయేది. ఆ ఏడాదే నాకు బాప్తిస్మం ఇప్పించాలని పట్టుబట్టింది. మా పేటలో చంటిపిల్లలకి ఇవ్వరు. ఊహ తెలిశాక కాలువలో నిలబెట్టి, అందరి ముందూ పేరడిగి, ఆ పేరుతో ముంచుతారు. ముంచేటప్పుడు ఏ పేరు చెబితే సంఘం పుస్తకంలో అదే. అంతకుముందు ఎన్ని పేర్లున్నా నీళ్ళలోనే పోతాయి.

ఆ రోజుల్లోనే, నా తలకి ఆముదం రాస్తూ, మామ్మ తన పేరు సంగతి చెప్పింది.

"నాకు ముందు ముగ్గురు పోయారంట పిల్లా. అందుకని నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీశారు. పెంట అన్నారు. బతకాలని పెట్టిన పేరే, మా అమ్మ తప్పు కాదు. కానీ కలుపు తీతకి వెళితే ఆసామి గట్టు మీంచి పిలిచేవాడు చూడు, ఒసే పెంటా అని. నా ఈడు కూతుళ్ళున్నోడు. ఆ పిలుపు వినబడితే వంచిన నడుం ఎత్తబుద్దేసేది కాదు. పదహారేళ్ళప్పుడు ఈ కాలవలోనే మునిగి లేచాను. ఒంటి మీద నీళ్ళు కారుతున్నాయి. అయ్యగారు నా మొహం చూసి, 'మార్తమ్మా' అన్నాడు. అమ్మా అన్నాడే! నన్నలా అన్న మొదటి మనిషి ఆయనే. ఆ తడి ఇంకా ఆరలేదే నా ఒంటి మీద."

నెలకోసారి సైకిలు మీద వచ్చే అయ్యగారు ఆ నెల మా అరుగు మీదే కూర్చున్నారు. మామ్మ పక్కనే నులక మంచంలో ఉంది.

"మాస్టారూ, పిల్ల పేరు సంగతి" అని మొదలుపెట్టారు. "ఆ పేరుతో మన గ్రంథంలో ఎవరూ లేరు. వెతికాను కూడా."

"వెలుగని అర్థమండీ. మీ గ్రంథం మొదలయ్యేదే వెలుగుతో కదా?"

"అర్థం మంచిదే. కానీ ఆ దేశంలో దేవుణ్ణే తీసేశారంటారు."

"అందుకే పెట్టాను" అన్నాడు నాన్న.

అయ్యగారు నవ్వారు. ఆయన చెడ్డమనిషి కాదు. మామ్మ మాత్రం నవ్వలేదు. "నాకు పొలం లేదు, నగ లేదు. ఉన్నది మార్త అన్న పేరొక్కటి. నాతో పాటు మట్టిలో పెట్టేస్తార్రా దాన్ని?" అంది నాన్నతో.

నాన్న బీడీ వెలిగించకుండా వేళ్ళ మధ్య తిప్పాడు. చివరికి, "నీళ్ళలోకి దిగేది అది. అయ్యగారు అడిగినప్పుడు అది ఏ పేరు చెబితే అదే దాని పేరు. నేను నోరెత్తను. నువ్వూ ఎత్తకూడదమ్మా" అన్నాడు.

అది న్యాయమే. ఆయన సమావేశాల్లో అన్నీ అలాగే తేల్చేవాడు, చేతులెత్తమని. కానీ ఆ సభలో నేనొక్కదాన్నే ఉన్నాను.

మిగిలింది రెండు వారాలు. నాన్న మాట నిలబెట్టుకున్నాడు, ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. కాకపోతే కాలువ మలుపు దగ్గర పిలిచే పిలుపు మరికాస్త ఎక్కువ దూరం నుంచి వినిపించేది. మామ్మ కూడా ఏమీ అనలేదు. లేవలేనిది లేచి కొబ్బరి లౌజు చేసి పెట్టింది. తన పెట్టెలోని తెల్ల వాయిలు గుడ్డ తీసి నాకు పొడుగు గౌను కుట్టించింది. నేను మాత్రం నిర్ణయించుకున్నాను. స్వెత్లానా అనే చెబుతాను. అందరిలో తడబడకూడదని, పెరట్లో ఖాళీ ఇత్తడి బిందెలో మూతి పెట్టి సాధన చేశాను. బిందెలో ఆ పేరు గుడిగంటలా మోగింది. తల ఎత్తి చూస్తే తడిక పక్క మంచంలోంచి మామ్మ చూస్తోంది.

"బాగా మోగుతోందే" అంది. అంతే అంది.

వేసవికి కాలువలు కట్టేసే ముందు ఆదివారం. నీళ్ళు సన్నగా, కొంచెం పచ్చగా ఉన్నాయి. తుంగ వాసన, బురద వాసన. మామ్మ మంచాన్ని గట్టు దాకా మోసినవాళ్ళు నలుగురూ నాన్న సంఘం వాళ్ళే. "దేవుణ్ణి నమ్మకపోయినా మంచం బాగా మోస్తున్నార్రా. రేపు పాడె కూడా మీరే మోద్దురుగాని" అని మామ్మ వాళ్ళని నవ్వించింది. గుడివాళ్ళు కంజిర వాయిస్తూ పాడుతున్నారు. నాన్న మా వైపు రాలేదు. అవతలి గట్టు మీద, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

నా వంతు వచ్చింది. నడుం లోతు నీళ్ళలో అయ్యగారు నా వీపు మీద చెయ్యి వేసి, "నీ పేరేమిటమ్మా?" అని అడిగారు.

అవతలి గట్టు చూశాను. నాన్న కదలకుండా ఉన్నాడు. ఇవతలి గట్టు చూశాను. మామ్మ మంచంలో మోచేతి మీద లేచి, ఎండకి అడ్డంగా కళ్ళ మీద చెయ్యి పెట్టుకుంది. నన్ను సరిగ్గా చూడాలని, అంతే.

"మార్త" అన్నాను.

నీళ్ళు మీదికి వచ్చాయి. లేచి కళ్ళు తుడుచుకుని చూస్తే అవతలి గట్టు మీద ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం గుడి ముందు సంఘ భోజనం. వంకాయ ఎండురొయ్యల కూర, బెల్లం పరమాన్నం. నేను మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. మామ్మ ప్రతివాళ్ళనీ పిలిచి, "మా మార్తని చూశారా?" అంటోంది. తన పేరు తానే పిలుచుకుంటుంటే వినడం నాకు ఎలాగో ఉంది.

ఆ తర్వాతి శనివారం పుస్తకం తీసి అరుగు మీద కూర్చోబోతే, నాన్న మెల్లగా నా చేతిలోంచి తీసుకున్నాడు. "పరీక్షలు దగ్గరికొచ్చాయిగా. నువ్వు చదువుకో అమ్మాయ్. నేను రాసుకుంటాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి నేను ఆయనకి అమ్మాయ్‌ని. మార్త అని ఒక్కసారీ పిలవలేదు. స్వెత్లానా అని కూడా పిలవలేదు. కాలువ మలుపు దగ్గర సైకిలు గంట మాత్రం మోగేది, పిలుపు ఉండేది కాదు.

వానలు పడుతుండగా మామ్మ పోయింది. ఆమె అన్నట్టే ఆ నలుగురే మోశారు. నన్ను మిషన్ హాస్టల్లో వేశారు. తర్వాత టైపు నేర్చుకున్నాను, ఉద్యోగం, పెళ్ళి, ఆ తర్వాత దోహా. నాన్న ఉత్తరాలు నెలకొకటి తప్పకుండా వచ్చేవి. "అమ్మాయికి, మేము క్షేమం" అని మొదలయ్యేవి. నన్ను కొట్టేశాడనే అనుకున్నాను. అడగలేదు. మా ఇంట్లో అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, ఇది తప్ప.

నాన్న పోయినప్పుడు నాకు సెలవు దొరికి ఊరు చేరేసరికి అయిదో రోజు. అప్పటికే జెండా కప్పి తీసుకెళ్ళిపోయారు. ఇంట్లో ఒక రేకు పెట్టె, దాని నిండా గళ్ళ అట్టల పుస్తకాలు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పాను. నాన్న దస్తూరీ. తేదీ, చోటు, హాజరైనవారు.

రానివారు: స్వెత్లానా.

ఆ శనివారం నుంచి మొదలు. నేను తడికకి అవతల చదువుకుంటున్న శనివారం. ఆ తర్వాత ప్రతి శనివారం. మాస్టారుగారు కదా, పక్కన కారణం కూడా రాశాడు. స్వెత్లానా, పరీక్షలు. స్వెత్లానా, హాస్టల్. స్వెత్లానా, జ్వరమని ఉత్తరం. స్వెత్లానా, కాన్పు. ఊళ్ళో అందరూ నేను దుబాయ్‌లో ఉన్నాననే అనేవాళ్ళు, ఆయన మాత్రం సరిగ్గా రాశాడు: స్వెత్లానా, దోహా. కొన్ని పుటల్లో చెదలు హాజరైనవారిని తినేశాయి. పుస్తకాలు మారేకొద్దీ ఆ పట్టీ చిన్నదవుతూ వచ్చింది. పదకొండు మంది ఏడుగురయ్యారు, నలుగురయ్యారు. చెప్పులు కుట్టే ఆయన ఒక చోట మళ్ళీ హాజరైనవారిలోకి వచ్చాడు, నాలుగేళ్ళకి మరణించారు అని రాసి ఉంది. చివరి పుస్తకంలో దస్తూరీ వంకర పోయింది. చివరి పుట ఇది:

హాజరైనవారు: నేను.
రానివారు: స్వెత్లానా.
విషయం: ఏమీ లేదు. వచ్చే శనివారానికి వాయిదా.

ఆ ఒక్క పుస్తకం నాతో దోహా తెచ్చుకున్నాను. బీరువాలో, పాస్‌పోర్టుల కింద ఉంది. నా డైరీలో రానివారు అన్న వరుస ఖాళీగా వదిలేయడం అప్పటి నుంచే. ఆ వరుసలో పేరు రాయాలంటే వాళ్ళు ఎప్పటికైనా వస్తారన్న నమ్మకం ఉండాలి. ఆయనకి ఉండేది. నాకు రాయవలసినవాళ్ళందరూ పోయినవాళ్ళే.

ఇప్పుడు కూతురూ అల్లుడూ ఉదయం ఆరున్నరకే వెస్ట్ బేలో ఆఫీసులకి బయల్దేరతారు. తిరిగొచ్చేసరికి చీకటి. ఏడో అంతస్తులో నేను, ఏసీ చప్పుడు, లిఫ్టు ఆగినప్పుడల్లా మా తలుపేమో అని చూడటం. నా డైరీలో వరసగా ఎన్నో రోజులు ఒకే మాట ఉంటుంది. హాజరైనవారు: నేను. దస్తూరీ తేడాయే కానీ అది నాన్న చివరి పుటే.

క్లినిక్‌లో నా వంతు అయి బయటికి వచ్చేసరికి నీలం స్కార్ఫు ఆవిడ వెళ్ళిపోకుండా కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. తనది బెలారస్ అని చెప్పింది, ఒకప్పుడది నాన్న చెప్పే రష్యాలో భాగమే. ఇక్కడ స్కూలు పిల్లలకి ఈత నేర్పుతుందట. ఇద్దరిదీ అంతంత మాత్రం ఇంగ్లీషే.

"మీరెందుకు లేచారు?" అని అడిగింది.

"అది నా పేరు. మా నాన్న పెట్టారు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది, చీర, జడ, మెడలో సిలువ. "మీ నాన్నగారు మా దేశంలో చదివారా?"

"లేదు. బెజవాడ దాటి వెళ్ళలేదు."

ఆమె పెద్దగా నవ్వింది. అరబ్బు పెద్దావిడ కూడా మా వైపు తిరిగి నవ్వింది, ఎందుకో తెలియకపోయినా. వెలుగని అర్థం కదా అన్నాను. అవునంది. వాళ్ళ భాషలో ఆ మొదటి సగమే లోకం అనే అర్థం కూడా ఇస్తుందట. నాన్నకి ఆ కార్డులో ఇది రాయలేదు. రాసి ఉంటే ఎన్ని శనివారాలు చెప్పుకునేవాడో.

"ఇదేమంత పాత పేరు కాదు" అంది ఆమె. "రెండు వందల ఏళ్ళ కిందట కవులు అల్లుకున్న పేరు. అందుకే మా చర్చి పేర్లు తీసుకునే పరిశుద్ధుల పట్టీలో లేదు. మా నాన్న పార్టీ మనిషి, దేవుడంటే పడదు. మా నాయనమ్మ ఆయనకి తెలియకుండా నన్ను పల్లెలో చర్చికి తీసుకెళ్ళింది. ఈ పేరుతో బాప్తిస్మం ఇవ్వనన్నాడు అక్కడి ఫాదరు. వేరే పేరు పెట్టాడు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు.

"ఏం పేరు?"

"ఫోతిని. గ్రీకు మాట. దానికీ వెలుగనే అర్థం. బావి దగ్గర యేసు నీళ్ళడిగిన ఆడమనిషి లేదూ? ఆమె పేరు అదే అంటారు మావాళ్ళు."

సమరయ స్త్రీ. నా చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో వింటున్న మనిషి. మా గ్రంథంలో ఆమెకి పేరు లేదు, కడవ ఒక్కటే ఉంది. ఆ పేరుతో ఎవరూ లేరు, వెతికాను కూడా అన్నారు అయ్యగారు. ఉంది, పేరు లేకుండా.

దేవుణ్ణి తీసేసిన దేశం అని మురిసిపోయాడు నాన్న. అక్కడా ఒక మామ్మ ఉందన్నమాట.

"మీ నాన్నగారికి తెలిసిందా?" అని అడిగాను.

"నా పెళ్ళప్పుడు నేనే చెప్పాను. నాకు మొదటి రోజు నుంచీ తెలుసు, ఇంటికొచ్చేసరికి నీ తల తడిగా ఉంది అన్నారు." ఆమె కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వి, "కౌంటర్ అమ్మాయి మిమ్మల్ని మార్త అంది కదా. మీరు మీ నాన్నగారికి చెప్పారా?" అంది.

బిందెలో సాధన చేసిన సంగతి గుర్తొచ్చింది. లేదు అన్నాను. కింద ఆమె టాక్సీ వచ్చింది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, చెయ్యి ఎత్తి, "బై, స్వెత్లానా!" అని అరిచింది. పేరంతా పలికింది. కాలువ మలుపు దగ్గరి నుంచి వచ్చినట్టే వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి కూతురి ఫోను. "అమ్మా, మీటింగ్ ఇంకా అవలేదు. నువ్వు తినేయ్. ఏంటి విశేషాలు?" అంది. చెబుదామనుకున్నాను. వెనక ఎవరో దాన్ని పిలుస్తున్నారు. "ఏం లేవు. మోకాలు కొంచెం నయం" అన్నాను.

శుక్రవారం ఉదయం.

ఇక్కడ మా తెలుగు ఆరాధన శుక్రవారం పూటే. లోపలికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర బుట్టలో చీటీలుంటాయి. ఎవరి కోసమైనా ప్రార్థన చేయించాలన్నా, కృతజ్ఞత చెప్పుకోవాలన్నా రాసి వెయ్యాలి. ఇన్నేళ్ళలో కూతురి ప్రమోషన్‌కి, అల్లుడి వీసాకి, వాళ్ళ ఆరోగ్యానికి రాశాను. నా కోసం ఎప్పుడూ రాయలేదు. ఇవాళ ఒక చీటీ తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, దస్తూరీ కుదురుగా రెండు మాటలు రాసి వేశాను.

పాటలయ్యాయి. పాస్టరుగారు గోదావరి వైపు మనిషి, చిన్నవాడు. చీటీలు ఒక్కొక్కటే చదువుతూ ఒక దాని దగ్గర ఆగాడు. తిప్పి వెనక చూశాడు, అక్కడేమీ లేదు.

"స్వెత్లానా, హాజరు" అని చదివాడు. "అంతే రాశారండీ. స్వెత్లానా గారెవరండీ? కొత్తగా వచ్చారా? ఒకసారి నిలబడతారా?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు, ఎవరైనా తెల్లావిడ వచ్చిందేమోనని. ముందు కుర్చీ వీపు పట్టుకుని నేను లేచాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. కూతురు నా కొంగు పట్టి లాగింది.

"అమ్మా, నిన్ను కాదు. కూర్చో."

"నన్నేనే" అన్నాను. ఈసారి కూర్చోలేదు.